మూటకు లేని బోర్డర్

ఒనకఢిల్లీ సంతకు వెళ్లేటప్పుడు మనం ఎప్పుడైనా రాష్ట్రం చూసుకున్నామా? మాచ్‌ఖండ్‌కు ఇవతల మనమే, అవతలా మనమే. పొరజ, గదబ, కోందు... రెండు వైపులా చుట్టాలే.

గంజాయి మూటకూ బోర్డర్ లేదు. కోరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో పండిన సరుకు మన ఘాట్ రోడ్లెక్కి హైదరాబాద్, చెన్నై దాకా పోతోంది. దర్యాప్తు మాత్రం చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోతోంది.

అక్కడ దొరికేది ఎవరు? మోసుకొచ్చిన మన కుర్రాడు. మా పక్క గూడెం తమ్ముడు ఇంటర్ మధ్యలో ఆపేశాడు. "బ్యాగు దించి రమ్మన్నారన్నా, అంతే" అన్నాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. వాయిదాకు వెళ్లాలంటే వాళ్లమ్మ బస్సు చార్జీలకు అప్పు చేస్తోంది.

చట్టం తెలుసుకోండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే 10 నుంచి 20 ఏళ్ల జైలు, కనీసం లక్ష రూపాయల జరిమానా. సెక్షన్ 37 వల్ల బెయిల్ చాలా కష్టం. కూలికి మోశానంటే కుదరదు. డబ్బు పెట్టి నడిపించేవాడికీ సెక్షన్ 27ఎ కింద అంతే జైలు ఉంది. కానీ వాడు మన కొండల్లో ఉండడు. వాడిని పట్టుకోవాలంటే ఫోన్లు, బ్యాంకు ఖాతాలు రాష్ట్రాలు దాటి వెతకాలి.

2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో మన వైపు వేల ఎకరాల్లో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు తగలబెట్టారు. ఇప్పుడు సరుకు ఒడిశా వైపు నుంచి వస్తోందని పోలీసులే అంటున్నారు. అంటే తోట జరిగింది, పెట్టుబడి పెట్టేవాడు అలాగే ఉన్నాడు.

అందుకే అడుగుతున్నాం. ఆంధ్ర, ఒడిశా పోలీసులు కలిసి పెట్టుబడిదారు దాకా దర్యాప్తు చేయాలి. విత్తనాల వేళ దళారి అడ్వాన్సు పట్టుకుని ఇంటికొస్తాడు. ప్రభుత్వమూ అప్పుడే రావాలి. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మాకు రెండు వైపులా గిట్టుబాటు ధర ఇవ్వాలి. మత్తుకు అలవాటుపడిన మన పిల్లలకు ఏజెన్సీలోనే వైద్యం అందాలి. అప్పటిదాకా సాయం కావాలంటే 14446కి ఫోన్ చేయండి, సిగ్గుపడకండి.

ప్రభుత్వాలు కలిసేదాకా మనం ఆగాలా? సంతలో కలిసే ఊళ్లు గ్రామసభల్లోనూ కలిసి కూర్చోవచ్చు. "మా పిల్లలు మూట మొయ్యరు" అని రెండు వైపులా ఒకే తీర్మానం చేద్దాం.

తమ్ముడూ, ఎవడైనా బ్యాగు చేతికిస్తే ఒక్క మాట అడుగు: "అంత తేలికైన పనైతే నీ కొడుకుతో ఎందుకు పంపలేదు?"

జోహార్!