అవ్వ ఉతికిన గుడ్డలు

గద్వాల దగ్గర ఒక ఊరిలో బిడ్డను తొట్టెలో వేసే రోజున ప్రార్థనకు పిలిస్తే వెళ్ళాము. బిడ్డకు అది ఇరవై ఒకటో రోజు. పాలు బాగా తాగుతున్నాడు, బొద్దుగా ఉన్నాడు. కండ్లు మాత్రం పచ్చగా ఉన్నవి. అవ్వ మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, పిల్లగాడు దొడ్డికి సున్నం లెక్క తెల్లగ పోతున్నడు. ఉచ్చ గుడ్డలకు పసుపు మరకలు పడుతున్నయి" అన్నది. పురిటి కామెర్లేనమ్మా, ప్రొద్దుటి ఎండలో పెట్టండి, పోతాయి అని చెప్పి, ప్రార్థన చేసి, భోజనం చేసి వచ్చాము. మేము ఆ మాట అనకపోతే ఆమె ఆ వారమే ఆసుపత్రికి తీసుకొనిపోయేదేమో! బోధకుని మాట గనుక నమ్మింది.

ప్రియ పాఠకులారా, పురిటి బిడ్డలలో చాలామందికి కామెర్లు వస్తాయి, రెండు వారాలలో వాటంతటవే తగ్గుతాయి. తగ్గక, మలం కూడ పాలిపోతే అది వేరు సంగతి. మలానికి రంగునిచ్చేది కాలేయము నుండి ప్రేగులోనికి దిగే పైత్యరసము. పది ఇరవై వేల మందిలో ఒక బిడ్డకు ఆ రసము దిగే నాళము మూసికొనిపోతుంది. మలం తెల్లబడుతుంది, మూత్రం ముదురుతుంది, నిలిచిపోయిన రసము కాలేయమును పాడుచేస్తుంది. బిలియరీ ఎట్రీసియా అని డాక్టర్లు అంటారు. బిడ్డ మాత్రం కొన్ని వారాలు చూపునకు బాగానే ఉంటాడు. మోసమంతా అక్కడే ఉన్నది. పసరు పోసినా, చేతికి వాత పెట్టినా మూసుకొన్న నాళము తెరుచుకోదు, రోజులు మాత్రం పోతాయి.

మేము మరల ఆ ఇంటికి వెళ్ళేసరికి బిడ్డకు రెండు నెలలు దాటినవి. కాచిగూడ రైలెక్కించి హైదరాబాదు తీసుకొనిపోయాము. అక్కడ డాక్టరమ్మ మొట్టమొదట అడిగినది మలం రంగు గూర్చియే. ఎప్పటినుండి అంటే, అవ్వ వ్రేళ్ళు లెక్కపెట్టి, "పన్నెండో దినం నుంచి" అన్నది. తరువాత రక్తపరీక్ష, స్కానింగు, కాలేయము నుండి చిన్న ముక్క తీసి పరీక్ష. అన్నీ ఆమె మాటనే స్థిరపరచినవి.

ఈ ఆపరేషన్‌ను 1950లలో కనిపెట్టినది జపాను దేశపు మొరియో కసాయి. "కసాయి ఆపరేషన్" అనగానే అవ్వ అదిరిపడింది. అది డాక్టరుగారి ఇంటిపేరని మేమే సముదాయించాము! పాడైన నాళమును తీసివేసి, చిన్నప్రేగును పైకి తెచ్చి నేరుగా కాలేయమునకు కుడతారు. అరవై రోజుల లోపు చేస్తే మేలు. ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది. మన బిడ్డకు ఎనుబది మూడో రోజున జరిగింది.

అది పనిచేయని యెడల కాలేయ మార్పిడి ఒక్కటే దారి. 1998 నవంబరులో ఢిల్లీ అపోలోలో తమిళనాడు పిల్లవాడొకనికి ఇదే జబ్బుకు తండ్రి కాలేయములో కొంత తీసి అమర్చారు. ఆ పిల్లవాడు పెరిగి డాక్టరు చదివాడు.

తైవానులో 2004 నుండి ప్రతి పసిబిడ్డ ఆరోగ్య పుస్తకములో మలం రంగుల బొమ్మలున్న చీటీ పెడుతున్నారు. తల్లి పోల్చి చూసుకొంటుంది. అరవై రోజుల లోపు ఆపరేషన్ జరిగే బిడ్డల సంఖ్య అక్కడ పెరిగింది. మన అవ్వకు చీటీ లేకుండానే తెలిసింది, వినవలసినవారమే వినలేదు.

డబ్బు గూర్చి భయపడి ఆగవద్దు. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న మొదట తెచ్చిన మూడు జిల్లాలలో మన పాత పాలమూరు ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలు చేశారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. పద్నాలుగు రోజులు దాటినా కండ్లు పచ్చగా ఉంటే, డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష చేయమని అడగండి.

బిడ్డకు ఇప్పుడు నాలుగేండ్లు. కామెర్లు తగ్గినవి గాని కాలేయము కొంత గట్టిపడియే ఉన్నది, చూపించుకొంటూ ఉండాలి. అవ్వ మమ్మును ఒక్క మాట అనలేదు. "మీరేం జేస్తరు అయ్యగారూ" అంటుంది. అదే మాకు కష్టము.

ఇప్పుడు తొట్టె దగ్గరకు పోయినప్పుడు గుడ్డలు ఉతికేది ఎవరని ముందు అడుగుతున్నాము. పోయిన నెల వనపర్తి దగ్గర అడిగితే బాలింతరాలు సిగ్గుపడి నవ్వింది. పచ్చగానే పోతున్నదట.