రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య ఓ కొలువుంది

ఏ క్యాంపస్‌కి వెళ్లి ‘ఏం అవుదామనుకుంటున్నారు?’ అని అడిగినా వినిపించేవి నాలుగైదు పేర్లే. ఫుల్‌స్టాక్, డేటా సైన్స్, ఏఐ, క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ. అన్నీ మంచివే, కాదనేది లేదు. కానీ రేపు మీరు చేరబోయే కంపెనీ లోపల పరిస్థితి ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. అక్కడ జీతాలకో సాఫ్ట్‌వేర్, అమ్మకాలకొకటి, గోదాముకొకటి, ఖాతాలకొకటి. ఒక్కోటి ఒక్కో కాలంలో, ఒక్కో సంస్థ దగ్గర కొన్నది. ఒకదాని భాష ఇంకోదానికి తెలియదు. అయినా కంపెనీ నడవాలంటే అవన్నీ నిమిషనిమిషానికీ మాట్లాడుకోవాల్సిందే.

ఆ మాటలు మోసుకెళ్లేదే మిడిల్‌వేర్. పేరులోనే ఉంది, మధ్యలో ఉండేదని. కాలేజీలో దీన్ని చిన్న ప్రశ్నగా చదివి వదిలేస్తాం. బయట మాత్రం దీని మీదే బతుకుతున్న ఉద్యోగాలు బోలెడు. పోటీ తక్కువగా ఉండి పని ఎక్కువగా ఉన్న ఈ దారి వైపు మన విద్యార్థులు ఎందుకు చూడటం లేదన్నదే ప్రశ్న.

ఒక సిమెంటు ఆర్డరు కథ

ఓ సిమెంటు కంపెనీ ఉందనుకోండి. ఖమ్మంలోని డీలరు మొబైల్ యాప్‌లో 400 బస్తాలకు ఆర్డరు పెట్టాడు. ఆయనకు కనిపించేది ఒక బటన్ మాత్రమే. దాని వెనక ఏం జరుగుతుందో చూద్దాం.

యాప్ నుంచి ఆర్డరు ముందుగా సేల్స్ విభాగం వాడే సీఆర్‌ఎంకి చేరుతుంది. అక్కడి నుంచి కంపెనీ ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన ఈఆర్‌పీకి వెళ్తుంది. ఆ డీలరు పాత బాకీ ఎంత, ఇంకా ఎంత సరుకు అప్పివ్వొచ్చు అని ఈఆర్‌పీ లెక్క చూస్తుంది. సరే అంటే ఫ్యాక్టరీలోని డిస్పాచ్ సాఫ్ట్‌వేర్‌కి కబురు. లారీ వేబ్రిడ్జి ఎక్కాక తూకం వివరాలు మళ్లీ వెనక్కి. అప్పుడు బిల్లు తయారవుతుంది.

ఇక్కడితో అయిపోలేదు. ఆ బిల్లు ప్రభుత్వ ఇన్వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కి జేసన్ రూపంలో వెళ్లాలి. జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ నిబంధన 2020 అక్టోబరు 1న రూ.500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలై, 2023 ఆగస్టు 1 నాటికి రూ.5 కోట్లు దాటిన సంస్థల దాకా వచ్చింది. పోర్టల్ అన్నీ సరిచూసి 64 అక్షరాల ఐఆర్‌ఎన్ నంబరు, క్యూఆర్ కోడ్ తిప్పి పంపుతుంది. ఈ నిబంధన వర్తించే సంస్థ ఆ నంబరు లేకుండా బిల్లు ఇస్తే చట్టం ప్రకారం అది బిల్లే కాదు. ఆపైన ఈ-వే బిల్లు. చివరికి డీలరు ఫోన్‌కి ‘మీ సరుకు బయల్దేరింది’ అని మెసేజ్.

ఒక్క ఆర్డరుకి ఆరేడు సాఫ్ట్‌వేర్లు. వీటిలో ఏ రెండింటి మధ్య సమాచారం ఆగినా లారీ గేటు దగ్గర ఆగుతుంది. డ్రైవరు అక్కడే కునుకు తీస్తాడు, డీలరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. సిమెంటు ఉంది, లారీ ఉంది, కొనేవాడూ ఉన్నాడు. లేనిదల్లా ఒక సాఫ్ట్‌వేర్ మాట ఇంకోదానికి చేరకపోవడమే.

మధ్యలో ఉండి చేసేదేంటి?

మొదటిది అనువాదం. పేర్లతో వచ్చే తిప్పలు మన తెలుగువాళ్లకు కొత్త కాదు. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి, అమెరికా వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని అచ్చయిన సీనియర్లు మీకూ తెలిసే ఉంటారు. మనిషి ఒకడే, రెండు దేశాల ఫారాల్లో గడులు వేరు. కంపెనీల్లో రోజూ జరిగేదీ ఇదే. సీఆర్‌ఎంలో కస్టమర్ నంబరు 4521. అదే ఎస్‌ఏపీలో ముందు సున్నాలు చేర్చి 10 అంకెలుగా ఉంటుంది. ఆ సున్నాలు మధ్యలో ఎక్కడో రాలిపోతే ‘ఇలాంటి కస్టమరే లేడు’ అంటుంది కంప్యూటరు. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికా ఆఫీసుకి మే 6. ఇలాంటివి సరిచూసి, ఒకదాని రూపం నుంచి మరోదాని రూపంలోకి మార్చడాన్నే మ్యాపింగ్ అంటారు. ఇంటిగ్రేషన్ డెవలపరు రోజులో పెద్ద భాగం దీనికే పోతుంది.

రెండోది దాచిపెట్టడం. మన ఇళ్ల మీద ఓవర్‌హెడ్ ట్యాంకు ఎందుకు? కరెంటు ఉన్నప్పుడు మోటారు నింపుతుంది, మనకు కావలసినప్పుడు కుళాయి తిప్పుకుంటాం. మోటారు, కుళాయి ఒకే సమయంలో పనిచేయాల్సిన అవసరం లేదు. మెసేజ్ క్యూ చేసేది అదే పని. ఈఆర్‌పీ అప్‌డేట్ కోసం రెండు గంటలు ఆగినా, వచ్చిన ఆర్డర్లు క్యూలో భద్రంగా ఉంటాయి. అది లేచాక ఒక్కొక్కటే తీసుకుంటుంది.

మూడోది, ఒక పని రెండుసార్లు జరగకుండా చూడటం. యూపీఐలో డబ్బు పంపితే ‘పెండింగ్’ అని వచ్చింది. వెళ్లిందా లేదా? మళ్లీ నొక్కాలా వద్దా? ఆ క్షణంలో మీకు కలిగే భయమే సాఫ్ట్‌వేర్లకూ ఉంటుంది. జవాబు రాలేదు కదా అని అదే ఆర్డరు మళ్లీ పంపితే 400 బస్తాలు 800 అవుతాయి. అందుకే ప్రతి మెసేజ్‌కీ విడి గుర్తింపు నంబరు పెట్టి, ‘ఇది ముందే వచ్చింది, వదిలెయ్’ అని అవతలి వైపు తెలుసుకునేలా కడతారు.

నాలుగోది ఆనవాలు. ఏ మెసేజ్ ఎన్ని గంటలకు వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది రాసి ఉంచాలి. పనికిరాని మెసేజ్‌ని పారేయకుండా పక్కన వేరే క్యూలో పెట్టాలి. రాత్రి రెండింటికి ఫోనొచ్చినప్పుడు ఆదుకునేది ఈ లాగ్‌లే.

మధ్యలో ఏమీ లేకుండా నేరుగా కలిపేస్తే పోదా అనిపించొచ్చు. 10 సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడాలంటే 45 దారులు వేయాలి. 20 అయితే 190. ఒక్క సాఫ్ట్‌వేర్ మార్చిన రోజున దానికున్న దారులన్నీ తవ్వి మళ్లీ వేయాలి. అందుకే రైల్వే జంక్షన్‌లా మధ్యలో ఒకచోట కలిపే పద్ధతి వచ్చింది.

చాక్లెట్లు ఉన్నాయి, అందలేదు

ఈ కలపడం ఎంత ఖరీదైన వ్యవహారమో అమెరికాలోని హెర్షీస్ చాక్లెట్ కంపెనీకి 1999లో తెలిసొచ్చింది. ఈఆర్‌పీ కోసం ఎస్‌ఏపీ, కస్టమర్ల కోసం సీబెల్, సరఫరా ప్రణాళిక కోసం మాన్యుగిస్టిక్స్. మూడూ ఆ రోజుల్లో పేరున్నవే. ఈ ప్రాజెక్టు విలువ 11.2 కోట్ల డాలర్లు. మూడింటినీ దాదాపు ఒకేసారి మొదలుపెట్టారు. అదీ జులైలో, హాలోవీన్ పండగ ఆర్డర్లు వచ్చిపడే వేళ.

ఫలితం? గోదాముల్లో సరుకు ఉండి కూడా దుకాణాలకు చేరలేదు. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయారు. ఆ త్రైమాసికంలో లాభం 19 శాతం పడిపోయింది. కొన్న సాఫ్ట్‌వేర్ దేనికదే గొప్పది కావచ్చు. అవి కలిసి నడుస్తాయో లేదో పరీక్షించడానికి సమయం ఇవ్వకపోతే ఇదే గతి. కంపెనీలు ఈ పాఠం మరిచిపోవు. అందుకే ఇంటిగ్రేషన్ తెలిసినవాళ్లను వెతుక్కుంటాయి.

పేర్లు మారాయి, పని మారలేదు

మిడిల్‌వేర్ అనే మాట 1968లో జర్మనీలో జరిగిన నాటో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సు నివేదికలోనే ఉంది. 1993లో ఐబీఎం ఎంక్యూసిరీస్ తెచ్చింది. అదే తర్వాత వెబ్‌స్ఫియర్ ఎంక్యూ, ఇప్పుడు ఐబీఎం ఎంక్యూ. 1996లో పుట్టిన వెబ్‌మెథడ్స్ 2007లో సాఫ్ట్‌వేర్ ఏజీ చేతికి, 2024లో ఐబీఎం చేతికి వెళ్లింది. వెబ్‌లాజిక్ తయారుచేసే బీఈఏని 2008లో ఒరాకిల్ కొనేసింది. లింక్డిన్‌లో పుట్టిన కాఫ్కా 2011లో ఓపెన్ సోర్స్ అయింది. మ్యూల్‌సాఫ్ట్‌ని 2018లో సేల్స్‌ఫోర్స్ 650 కోట్ల డాలర్లకు తీసుకుంది. మ్యూల్ అనే పేరు ఎందుకంటే, సాఫ్ట్‌వేర్లను కలపడంలోని గాడిద చాకిరీని తప్పించాలన్నది దాన్ని కట్టినవారి ఉద్దేశం!

ఎస్‌ఏపీ సంగతీ అంతే. ఎక్స్‌ఐ అన్నారు, తర్వాత పీఐ, ఆ తర్వాత పీఓ, ఇప్పుడు క్లౌడ్‌లో ఇంటిగ్రేషన్ సూట్. పీఓకి సాధారణ మెయింటెనెన్స్ 2027 చివరితో ముగుస్తుందని ఎస్‌ఏపీ ప్రకటించింది. అంటే పీఓ వాడే సంస్థలు తమ పాత అనుసంధానాలను కొత్త చోటికి మార్చుకోక తప్పదు. అది మీకు దొరికే పని.

ఈ జాబితా బట్టీ పట్టమని చెప్పడం లేదు. చూడాల్సింది ఇంకోటి. టూల్ పేరు పదేళ్లకోసారి మారుతోంది. క్యూ, మ్యాపింగ్, రూటింగ్, మళ్లీ ప్రయత్నించడం లాంటి మూల సూత్రాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక టూల్‌లో ఏ బటన్ ఎక్కడుందో నేర్చుకున్నవాడు ఆ టూల్‌తోపాటే పాతబడతాడు. బటన్ వెనక ఏం జరుగుతుందో తెలిసినవాడు కొత్త టూల్‌కి కొద్ది వారాల్లో అలవాటు పడతాడు.

ఫీజు కట్టేముందు ఆలోచించండి

అమీర్‌పేట ఫ్లెక్సీల మీద ఈ టూళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి. బాగా చెప్పే గురువులు అక్కడ ఉన్నారు, ఆ మేలు కాదనలేం. కానీ ‘45 రోజుల్లో ఉద్యోగం’, ‘మూడేళ్ల అనుభవం మేం పెట్టిస్తాం’ అని ఎవరైనా అంటే మాత్రం లేచి బయటికి వచ్చేయండి. దొంగ అనుభవ పత్రం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే పోయేది ఒక్క ఉద్యోగం కాదు, పేరు కూడా. ఒకవేళ దొరకకపోయినా, మూడేళ్ల అనుభవం ఉన్నవాడిలా ప్రొడక్షన్ సమస్య ముందు కూర్చున్న మొదటి రాత్రే అసలు రంగు బయటపడుతుంది. నాన్న అప్పు చేసి కట్టిన ఫీజు అది. దాన్ని అబద్ధం మీద పెట్టకండి.

ఇంకో నిజం కూడా ముందే తెలుసుకోండి. ఈ రంగంలో ఫ్రెషర్లలో చాలామందికి మొదట దొరికేది సపోర్టు పని. టికెట్లు, షిఫ్టులు, రాత్రి డ్యూటీలు. ‘కోడింగ్ లేదు’ అని చాలామంది చిన్నబుచ్చుకుంటారు. కానీ ఏ మెసేజ్ ఎందుకు ఆగిందో వెతికే పనిలో ఏడాది గడిపినవాడికి కంపెనీ మొత్తం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. ఒక మూల కూర్చుని ఒక్క స్క్రీన్ రాసేవాడికి ఆ అవకాశం ఉండదు. అలాగని సపోర్టులోనే స్థిరపడిపోవద్దు. ఏడాదిన్నర, రెండేళ్లలో డెవలప్‌మెంట్ వైపు జరగాలన్న లెక్క మొదటి రోజు నుంచే ఉండాలి.

ఈ పని పైకి కనిపించేది కాదన్నదీ నిజమే. అంతా సజావుగా నడిచినన్నాళ్లూ మీరున్నట్టే ఎవరికీ తెలియదు. ఆగిన రోజున మాత్రం అందరికీ మీరే గుర్తొస్తారు. ఆ స్వభావం మీకు నప్పుతుందో లేదో మీరే చూసుకోవాలి.

ఏఐ వస్తే ఈ ఉద్యోగాలు ఉంటాయా అని అడుగుతారు. మ్యాపింగ్ కోడ్ రాయడంలో ఏఐ ఇప్పటికే సాయం చేస్తోంది, ఇంకా చేస్తుంది. కానీ సేల్స్ వాళ్లు ‘కస్టమర్’ అంటే డీలరు, అకౌంట్స్ వాళ్లు ‘కస్టమర్’ అంటే బిల్లు కట్టేవాడు అన్న తేడా ఏ ఫైల్లోనూ రాసి ఉండకపోవచ్చు. ఆ రెండు విభాగాల మనుషులతో కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది. అలా అడిగి తెలుసుకునే ఓపిక ఉన్నవారి అవసరం తీరదు.

ఈ సెలవుల్లో చేయదగ్గది

పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు. జావా లేదా పైథాన్ ఏదో ఒకటి గట్టిగా పట్టుకోండి. ఎస్‌క్యూఎల్, జేసన్, ఎక్స్‌ఎంఎల్ చేతికి రావాలి. పోస్ట్‌మ్యాన్‌లో ఏపీఐలు పిలిచి చూడండి. 200, 401, 404, 429, 503 అనే కోడ్‌లు చూడగానే అర్థం కావాలి. గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ 2003లో రాసిన ‘ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్’ పుస్తకం లైబ్రరీలో దొరికితే వదలకండి.

తర్వాత ఒక చిన్న ప్రాజెక్టు. రెండు ప్రోగ్రాములు రాయండి. ఒకటి ఆర్డరు తీసుకునేది, ఇంకోటి స్టాకు తగ్గించేది. మధ్యలో ఉచితంగా దొరికే ర్యాబిట్‌ఎంక్యూ పెట్టండి. 100 ఆర్డర్లు పంపుతూ మధ్యలో స్టాకు ప్రోగ్రామును ఆపేయండి. ఐదు నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టండి. ఒక్క ఆర్డరూ పోకూడదు, ఒక్కటీ రెండుసార్లు లెక్కకు రాకూడదు. మొదటిసారి కుదరదు. ఎందుకు కుదరలేదో కనుక్కోవడంలోనే అసలు చదువు ఉంది. ఇంటర్వ్యూలో ‘అవతలి సిస్టమ్ డౌన్ అయితే ఏం చేస్తావ్?’, ‘ఒకే మెసేజ్ రెండుసార్లు వస్తే?’ అని అడిగినప్పుడు మీరు పుస్తకంలోది కాకుండా చూసింది చెప్తారు. ఆ తేడా ఎదుటివారికి వెంటనే తెలిసిపోతుంది.

బీకాం, బీబీఏ విద్యార్థులూ, ఇది మాకు సంబంధం లేదనుకోకండి. ఆర్డరు నుంచి వసూలు దాకా ఏం జరుగుతుందో, జీఎస్టీ బిల్లులో ఏ గడి ఎందుకుందో బీటెక్ వాళ్ల కంటే మీకే బాగా తెలుసు. దానికి కాస్త ఎస్‌క్యూఎల్, కాస్త ఏపీఐ పరిజ్ఞానం కలిస్తే ఇంటిగ్రేషన్ టెస్టింగ్, బిజినెస్ అనలిస్ట్ పనులకు మీరు సరైన మనుషులు.

అందరూ ఎక్కే బస్సులో సీటు కోసం తోసుకోవడం ఒక పద్ధతి. అదే ఊరికి వెళ్లే ఇంకో బస్సు పక్కన ఖాళీగా నిలబడి ఉందేమో చూడటం ఇంకో పద్ధతి. రేపు ఆ ర్యాబిట్‌ఎంక్యూ ఇన్‌స్టాల్ చేసి చూడండి. వారం రోజుల్లో ఇది మీకు నచ్చే పనో కాదో మీకే తెలిసిపోతుంది.