ముగిసిన కథ, మిగిలిన వేళ
మంజులా నాయుడుగారి దర్శకత్వమున జెమినీ టీవీలో 2008లో ఆరంభమై 2013లో ముగిసిన ‘మొగలిరేకులు’ ధారావాహికను ఏండ్లతరబడి చూచిన మా అమ్మ, అది ముగిసిన మరునాడును అలవాటు చొప్పున చిక్కుడుకాయల పళ్లెము ఒడిలో నిడుకొని, ఈనెలు తీయుచు తెరయెదుట చేరి, అపరిచితములైన ముఖములు కానరాగా, చేతిలోని కాయను జారవిడిచి మౌనముగా కూర్చుండిపోయినది. దీనిని కేవలము కాలక్షేపపు లోటని కొట్టివేయువారితో నేనేకీభవింపజాలను. పుస్తకమును మన తీరికనుబట్టి చదువుదుము గాని, ధారావాహిక మన దినములో నొక గడియను తనదిగా చేసికొని, వంటయింటి పనులను సైతము తన వేళకు దిద్దుకొనును గనుక, ‘మొగలిరేకులు’ కథానాయకుడైన ఆర్.కె. నాయుడు కనుమరుగగుట, ఎదురింటివారు ఇల్లు ఖాళీచేసి పోయినట్టి నిజమైన వియోగమే. ఇప్పటికిని ఆ ధారావాహిక పాట ఎక్కడనైన వినవచ్చినచో, అమ్మ పొయ్యి మంట తగ్గించి చెవియొగ్గును.