కొత్త ఇంజన్లకు నజ్రాన్ పరీక్ష

కారు ఇంజన్ విషయంలో నమ్మకం వేరు, మన్నిక వేరు. దారి మధ్యలో మొరాయించకపోవడం మొదటిది. లక్షల కిలోమీటర్లు తిరిగాక కూడా పిస్టన్ రింగులు, బేరింగులు అరిగిపోకుండా నిలవడం రెండోది. గత యాభై ఏళ్లలో రెండూ పెరిగాయి. ఇంజన్ బోరుకు రావడం అంబాసిడర్ నడిపిన తరానికి మామూలు సంగతే. అమెరికాలో 1970ల నాటి చాలా కార్ల మీటర్లలో ఐదంకెలే ఉండేవి. లక్ష మైళ్లు దాటితే మళ్లీ సున్నాకు వచ్చేవి. అదే అమెరికాలో 2024 నాటికి రోడ్ల మీదున్న కార్లు, చిన్న ట్రక్కుల సగటు వయసు 12.6 ఏళ్లు. కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ రావడంతో సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను పెట్రోలు కడిగేయడం తగ్గింది. సీసం లేని పెట్రోలు, మెరుగైన ఆయిళ్లు, కచ్చితమైన మెషినింగ్ మిగతా పని చేశాయి.

ఇదంతా నిజమే అయినా, ఇరవై ఏళ్ల నాటి ఇంజన్ సహించిన నిర్లక్ష్యాన్ని ఇవాళ్టి ఇంజన్ సహించదు. సౌదీ అరేబియా నైరుతి మూలన, యెమెన్ సరిహద్దులో ఉన్న నజ్రాన్ లాంటి చోట ఈ తేడా త్వరగా బయటపడుతుంది. ఊరు దాదాపు 1,300 మీటర్ల ఎత్తున ఉంది. తూర్పున షరూరా దాకా 300 కిలోమీటర్లకు పైగా దారి రుబ్ అల్ ఖాలీ ఎడారి అంచున సాగుతుంది. అభా వైపు వెళ్తే రెండు వేల మీటర్లు దాటిన కొండలెక్కాలి. ఒకవైపు వేడి, ఇసుక. మరోవైపు ఎత్తు, చడావు.

ఈ ప్రాంతానికి బాగా తెలిసిన రెండు ఇంజన్లను పక్కపక్కన పెడితే విషయం అర్థమవుతుంది. 1990ల ల్యాండ్ క్రూజర్‌లో టయోటా వాడిన 4.5 లీటర్ల ‘1ఎఫ్‌జెడ్-ఎఫ్ఈ’ పెట్రోలు ఇంజన్ పోత ఇనుప బ్లాకుతో వచ్చేది, 210 హార్స్ పవర్‌కు పైగా ఇచ్చేది. 2021లో వచ్చిన ల్యాండ్ క్రూజర్ 300లో 3.5 లీటర్ల ట్విన్ టర్బో వీ6 ఇంజన్ 409 హార్స్ పవర్ ఇస్తుంది. అంటే లీటరుకు 47 దగ్గర ఉన్న శక్తి 119 దాకా వెళ్లింది. ఆ మేరకు ఒత్తిడి, వేడి, బేరింగుల మీద భారం పెరిగాయి. గల్ఫ్‌లో ఇదే బండిని టర్బో లేని 4 లీటర్ల వీ6తోనూ అమ్మారు. దూరాభారపు ఎడారి ప్రయాణాలు చేసేవారు దాన్ని ఎంచుకుంటే అది పాతకాలపు మనస్తత్వమేమీ కాదు.

ఎత్తు ప్రభావం కూడా చిన్నదేం కాదు. నజ్రాన్ ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే పన్నెండు శాతం దాకా తక్కువ. టర్బో లేని ఇంజన్ ఆ మేరకు శక్తి కోల్పోయి ఊరుకుంటుంది. టర్బో మాత్రం మరింత వేగంగా తిరిగి లోటు పూడుస్తుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటే ఆ ఇరుసును కాపాడేది పలుచని ఆయిల్ పొర ఒక్కటే. చడావెక్కి వచ్చి వెంటనే ఇంజన్ ఆపేస్తే టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

ఆయిల్ దగ్గరే అసలు వివాదం ఉంది. మైలేజీ నిబంధనల ఒత్తిడితో కంపెనీలు 0డబ్ల్యూ-20 లాంటి పలుచని ఆయిళ్లకు మారాయి. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8 ఇంజన్ ఉన్న సుమారు 7.2 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. యూకన్, ఎస్కలేడ్ లాంటి పెద్ద బండ్లు అందులో ఉన్నాయి. లోపం క్రాంక్ షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల తయారీలోది. అయినా తనిఖీలో గట్టెక్కిన ఇంజన్లకు సూచించిన పరిష్కారం 0డబ్ల్యూ-40 ఆయిల్. చిక్కని ఆయిల్ అదనపు రక్షణ ఇస్తుందని కంపెనీయే ఒప్పుకున్నట్టయింది. టయోటా సైతం 2024 మేలో అమెరికాలో దాదాపు లక్షా రెండు వేల టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ వాహనాలను వెనక్కి పిలిచింది. మెషినింగ్‌లో మిగిలిన లోహపు రజను మెయిన్ బేరింగులను తినేస్తున్నందుకు. హ్యుందాయ్ తీటా-2 ఇంజన్లలో 2015 నుంచి బయటపడిందీ ఇలాంటి లోపమే. ఇవన్నీ అరుగుదల వల్ల వచ్చినవి కావు, పుట్టుకతో వచ్చినవి. కంపెనీ పేరు ఇక్కడ పూర్తి హామీ కాదు.

దుమ్ము సంగతికొస్తే, నష్టం చాలావరకు మనుషులు చేసేదే. ఫిల్టరును కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ బిగించడం అలవాటు. ఆ గాలికి కాగితంలో కంటికి కనిపించని చిరుగులు పడతాయి. వాటిలోంచి దూరిన సన్నటి ఇసుక ఆయిల్‌తో కలిసి రింగులను, సిలిండర్ గోడలను రాపాడేస్తుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఫలితం ఉండదు.

వేడికి ముందు లొంగేవి ప్లాస్టిక్ భాగాలు. రేడియేటర్ ట్యాంకులు, థర్మోస్టాట్ గూళ్లు పెళుసెక్కి పగులుతాయి. కూలెంట్ కారిపోతే అల్యూమినియం హెడ్ వంగడానికి ఎక్కువసేపు పట్టదు. పైగా కొత్త కార్లలో టెంపరేచర్ ముల్లు చాలా మేరకు మధ్యలోనే నిలిచేలా సర్దుబాటు చేసి ఉంటుంది. అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది.

అన్నిటికంటే తక్కువగా లెక్కలోకి వచ్చేది ఐడిలింగ్. జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి హౌస్ డ్రైవర్లుగా గల్ఫ్‌కు వెళ్లినవారికి ఇది రోజువారీ పని. బడి ముందో, మాల్ ముందో ఏసీ వేసుకుని ఎదురుచూడక తప్పదు. మీటరు కదలదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పోలీసు కార్ల విషయంలో ఫోర్డ్ వేసిన లెక్క ప్రకారం గంట ఐడిలింగ్ 33 మైళ్ల, అంటే 53 కిలోమీటర్ల ప్రయాణంతో సమానం. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగుతూ, రోజుకు మూడు గంటలు నిలబడి నడిచే కారును తీసుకుంటే, ఐదు నెలల్లో మీటరు చూపేది పది వేలు. ఇంజన్ మోసిన భారం దాదాపు 34 వేలు. పదివేలకోసారి ఆయిల్ మార్చమనే సలహా అలాంటి బండికి హానికరం. కంపెనీల మాన్యువళ్లలో ‘కఠిన పరిస్థితుల’ పట్టిక ఉంటుంది కానీ షోరూముల్లో దాన్ని తెరిచి చూపేవారు తక్కువ. సర్వీసు గడువును కిలోమీటర్లతో పాటు ఇంజన్ నడిచిన గంటలతోనూ కట్టడం గల్ఫ్ డీలర్లకు కష్టమేమీ కాదు; కంప్యూటర్‌లో ఆ లెక్క చాలా కార్లకు ఉండనే ఉంటుంది. సౌదీలో తప్పనిసరైన ‘ఫహస్’ తనిఖీ బ్రేకులు, పొగ లాంటివి చూస్తుంది తప్ప ఆయిల్ ఎప్పుడు మార్చారని అడగదు.

పెట్రోలు ఎంపికలోనూ పొదుపు ఎదురుతిరుగుతుంది. 2021 జూలైలో సౌదీ ప్రభుత్వం 91 ఆక్టేన్ రకానికి లీటరు 2.18 రియాళ్లు, 95కు 2.33 రియాళ్లు గరిష్ఠ ధరలుగా ఖరారు చేసింది. తేడా 15 హలాలాలు. 95 కోరే టర్బో ఇంజన్‌లో 91 పోస్తే నాకింగ్‌ను తప్పించడానికి కంప్యూటర్ ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది. శక్తి తగ్గుతుంది, పొగగొట్టం వైపు వేడి పెరుగుతుంది. చడావులో ఆ వేడి టర్బో మీదే పడుతుంది.

ఇక ఇంజన్ పోయాక ఏమిటన్నది మన్నికలో మరో సగం. ఇనుప బ్లాకును బోరింగు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వేసి మరో పదేళ్లు తిప్పుకోవచ్చు. సన్నటి లైనర్లు, పూత పూసిన సిలిండర్లు ఉన్న అల్యూమినియం బ్లాకుల్లో ఆ వీలు చాలా తక్కువ. అందుకే ‘సనాయియా’ (పారిశ్రామికవాడ) షెడ్లలో మెకానిక్ చాలాసార్లు చెప్పేది ఒకటే: ‘తష్లీహ్’ అనే తుక్కు బండ్ల యార్డుకు వెళ్లి పాత బండి నుంచి తీసిన ఇంజన్ తెచ్చి బిగించుకోమని. దాని గతం ఎవరికీ తెలియదు. కొనేవారు కనీసం ఆయిల్ మూత తీసి లోపల నల్లటి బురద పేరుకుందో లేదో చూసుకుని, కంప్రెషన్ కొలిపించి, ఆ తర్వాతే డబ్బు లెక్కబెట్టాలి.