రేపటి కూలిని ఇవాళే అమ్మిస్తున్న భయం

"కూలోళ్ళకు ముందుచూపు లేదు. నాలుగు డబ్బులు చేతిలో ఆడితే తినేస్తారు, లేకపోతే అప్పు చేస్తారు." ఈ మాట ఆసాములూ అంటారు, ఆఫీసర్లూ అంటారు. వినీ వినీ మనవాళ్ళలో కొందరు కూడా అంటున్నారు. ఇది తప్పు మాట. ముందు ఏమి రాబోతున్నదో కూలి తల్లికి బాగా తెలుసు. తెలుసు కనకనే భయపడుతుంది. ఆ భయమే ఆమె చేత రేపటి కూలిని ఇవాళ చవగ్గా అమ్మిస్తున్నది.

ఎట్లాగో చూద్దాం. ఎండాకాలం పొలాల్లో పని ఉండదు. ఇంట్లో బియ్యం నిండుకుంటాయి. జూన్‌లో బడి తెరుస్తారు, పిల్లలకు పుస్తకాలు కావాలి. ఇంతలో ఒకరికి జబ్బు చేస్తుంది. బ్యాంకుకు పోతే చూపించడానికి సెంటు భూమి లేదు. అప్పుడు ఆసామి అడ్వాన్సు ఇస్తాడు. షరతు ఒక్కటే: నాట్లకు ముందు తన పొలంలోకే దిగాలి, కూలి రేటు ఇవాళ చెప్పిందే.

లెక్క వేద్దాం. వైశాఖంలో రోజుకు 350 చొప్పున 20 రోజుల పనికి 7,000 రూపాయలు తీసుకున్నదనుకుందాం. మూడు నెలలకు, శ్రావణంలో నాట్లు ముమ్మరమై ఊళ్ళో కూలి 500 అయిందనుకుందాం. ఆమె చేసిన పని విలువ 10,000. అంటే 7,000 మీద మూడు నెలలకు 3,000 రూపాయల వడ్డీ. నూటికి నెలకు 14 రూపాయల పైమాటే! షావుకారు నూటికి 3 రూపాయలంటేనే గుండెలు బాదుకుంటాం. దీనికి వడ్డీ అని పేరు లేదు కనక నోరెత్తకుండా కడుతున్నాం. పైగా ఆపదలో ఆదుకున్నాడని దణ్ణం పెడుతున్నాం.

నష్టం ఆమె ఒక్కతెతో ఆగదు. పేటలో పదిమంది 350కి కట్టుబడిపోతే తతిమ్మావాళ్ళు 500 అడగడానికి జంకుతారు. మనం కాదంటే పక్క ఊరివాళ్ళను పిలుస్తాడేమో అని ఇక్కడ భయం. పక్క ఊళ్ళోనూ అదే భయం.

అడ్వాన్సు పెద్దదైతే మనిషిని ఊరే దాటిస్తుంది. పాలమూరు కూలీలు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆనకట్టలకూ కాలవలకూ దేశమంతా తిరిగి మట్టి మోశారు. పిల్లవాణ్ణి బడి మాన్పించి వెంట తీసుకుపోవడం ఆ ఏటి అవసరం. కానీ చదువు పోయినవాడు పెద్దయ్యాక అదే మేస్త్రీ దగ్గరికి పోతాడు. ఒక ఏటి భయం రెండో తరం మీద బాకీ రాసి పోతుంది.

చట్టం లేదా? ఉంది. వెట్టి బాకీలు చెల్లవని 1976లోనే వెట్టిచాకిరీ రద్దు చట్టం చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కొట్టి పని చేయిస్తేనే బలవంతం కాదు, ఆకలి చేసేదీ బలవంతమేనని దాని సారాంశం. అయితే వైశాఖంలో ఆకలేస్తే తీర్పు కాగితం అన్నం పెట్టదు. పని పెట్టాలి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ అందుకే ఆసాముల కళ్ళలో పడింది. ఎండాకాలం చెరువు మట్టి పని దొరికినచోట అడ్వాన్సు కోసం గడప తొక్కే పని తప్పింది. పదిహేను రోజుల్లో ఇవ్వాల్సిన కూలి నెలల తరబడి ఆపినచోట మళ్ళీ ఆసామి గుమ్మమే గతి అయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. పని దినాలు 100 నుంచి 125 చేశామన్నారు. కానీ ఏటా నాట్లూ కోతలూ ముమ్మరంగా సాగే రోజుల్లో మొత్తం 60 రోజులు ఈ పనులు ఉండకూడదని అందులోనే రాశారు. కూలికి బేరమాడే బలం వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే! చేతిలో మరో పని ఉంటే ఆసామి పిలిచిన రేటుకు పోనని అనగలదు. ఆ మాట అనకుండా చేయడానికే ఈ ఏర్పాటు.

మరి మనమేం చేయాలి? పస్తున్న మనిషికి పొదుపు పాఠాలు చెప్పి లాభం లేదు. అడ్వాన్సు తీసుకోవద్దని తిట్టినా లాభం లేదు. పేటంతా కూర్చుని ఒక్క తీర్మానం చేయాలి: అడ్వాన్సు ఎవరు తీసుకున్నా అది అప్పుగానే రాయాలి, పని మాత్రం నాట్లనాటి రేటుకే జమ కట్టాలి. పక్క ఊళ్ళ పేటలతోనూ ఇదే మాట కలుపుకోవాలి. ఎండాకాలం పనులు పెట్టాలనీ, చేసిన పనికి కూలి పదిహేను రోజుల్లో ఇవ్వాలనీ మండలాఫీసు ముందు కూర్చోవాలి.

కార్యకర్తలకు ఒక మాట. మనం నాట్లప్పుడు రేట్ల పెంపు కోసం పేటకు పోతున్నాం. బేరం అప్పటికి మూడు నెలల కిందటే ముగిసి ఉంటున్నది. పోవలసింది వైశాఖంలో, ఆసామి అడ్వాన్సు కంటే ముందు. పోయి పైన చెప్పిన లెక్క నేల మీద గీసి చూపించాలి. ఒంటరిగా ఉన్న భయం పూటకు సరిపడా ఆలోచిస్తుంది. పదిమంది కూర్చుంటే ఏడాదికి సరిపడా ఆలోచించవచ్చు.