భారవి ఎక్కిన అటక

మా అబ్బాయి అమెరికా వెళ్ళి ఆరేళ్ళయింది. వారానికొకసారి, మనకి ఆదివారం తెల్లవారిన వేళ, ఫోను చేస్తాడు. అక్కడి చలి, వాళ్ళమ్మ మోకాలి నొప్పి, నా రక్తపోటు మందులు, ఈ మూడు ఘట్టాలూ ముగిశాక, పెట్టేసే ముందు "లవ్ యూ నాన్నా" అంటాడు. నేను "సరే సరే, ఉంటాను మరి" అని పెట్టేస్తాను. ఈ మధ్య ఒక ఆదివారం ఇది విని మా ఆవిడ వంటింట్లోంచి, "సరే సరే ఏమిటండీ? వాడేమైనా బాకీ తీరుస్తానన్నాడా?" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. కాని ఆ మాట నన్ను వదిలిపెట్టలేదు.

ఇలాంటప్పుడు చెప్పడానికి నా దగ్గర ఒక సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. మనవాళ్ళు ప్రేమని మాటల్లో చెప్పరు, చేతల్లో చూపిస్తారు అని. పెళ్ళి పందిళ్ళలోనూ, రైలు ప్రయాణాల్లోనూ ఈ మాట ఎంతోమందితో గర్వంగా అన్నాను, తలలూపించుకున్నాను. దానికి సాక్ష్యంగా మన భాషనే చూపించేవాణ్ణి. మనం ఇంట్లోంచి కదిలేటప్పుడు "వెళ్తాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. తెలంగాణలో సాగనంపేటప్పుడు "పైలం" అంటారు; ఆ రెండక్షరాల్లో ఉన్న ఆదుర్దాని విడమరిచి చెప్పాలంటే పేజీ కావాలి. గోదావరి జిల్లాల్లోనైనా, రాయలసీమలోనైనా, ఊరినుంచి వచ్చినవాణ్ణి మొదట అడిగేది అన్నం తిన్నావా అనే. ఇక ధన్యవాదాలంటారా, అది సభల్లో వక్తలు చెప్పుకునే మాట. దాహం తీర్చినవాడికి మా ఊరి ముసలమ్మలు "నీ కడుపు చల్లగుండ నాయనా" అని దీవెన ఇచ్చేవారు. ఇంట్లోవాళ్ళకి థాంక్స్ చెప్పి చూడండి, "మనలో మనకి థాంక్సులేమిటి, నన్ను పరాయిదాన్ని చేశావా" అని నొచ్చుకుంటారు.

ఇవన్నీ నిజాలే. ఇప్పటికీ నిజాలే అంటాను. అయితే వీటిని నేను దేనికి వాడుకున్నానన్నది వేరే సంగతి.

మన మౌనానికి కారణం లేకపోలేదు. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, తరవాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అని పేరు పెట్టేవారు. చేటెడు తవుడుకి ఎవరికో అమ్మినట్టు అమ్మి, మళ్ళీ కొనుక్కుని తవిటయ్య అనేవారు. ఆ పేర్లున్న పెద్దలు మా చిన్నతనంలో ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. వీడు మాకు ముద్దులేదు, విలువలేదు, తవుడుపాటి చెయ్యడు అని మృత్యువుని నమ్మించడానికి తల్లిదండ్రులు ఆడిన అబద్ధం అది. ఎంత ప్రేమ ఉంటే బిడ్డకి పెంట అని పేరు పెడతారు! బుగ్గన నల్లచుక్క, ఎదుట పొగడకపోవడం, పొగిడితే వెంటనే దిష్టి తీయడం, అన్నీ ఆ భయంలోంచి పుట్టినవే. ఆ భయం ఉత్తది కూడా కాదు. 1951 ప్రాంతంలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లోనూ 146 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. భయం తగ్గింది, పేర్లూ మారాయి, పెంటయ్యల మనవలు ఇప్పుడు అద్వైత్‌లూ ఆర్యన్‌లూ అయ్యారు. ఎదుట మంచిమాట అనకపోవడం ఒక్కటి మాత్రం, కారణం పోయినా, ఆచారంగా మిగిలిపోయింది.

పూర్వం మగవాళ్ళకి కూడా ఒక కిటికీ ఉండేదనుకుంటాను. అది ఉత్తరం. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన కొత్తల్లో నెలకి రెండు ఇన్‌లాండు కవర్లు రాసేవారు. ఎదురుగా ఉంటే నన్ను "ఏరా" అని తప్ప పిలవని మనిషి, కాగితం మీద "చిరంజీవి" అని మొదలుపెట్టి, ఆశీర్వదించి, నా క్షేమం కోరి, ఉభయకుశలోపరి అని, చివర "నీ శ్రేయోభిలాషి" అని సంతకం చేసేవారు. ఆ మాటలు అందరూ రాసేవే, మూసలో పోసినవే. కాని మూస ఉంది కాబట్టే ఆయన వాటిని సిగ్గుపడకుండా రాయగలిగారు. మడిచి అంటించే అంచు మీద మిగిలిన రెండంగుళాల జాగాలో "అమ్మ చెప్పినట్లు వ్రాయునది" అని ఉండేది. ఆ కింద నువ్వుల నూనె తలకి పెట్టుకుంటున్నావా, రాత్రిళ్ళు మేలుకోకు.

తరవాత మా ఊరికి ఎస్టీడీ బూతు వచ్చింది. రాత్రి పొద్దుపోయాక చార్జీ తగ్గుతుందని అప్పటిదాకా కాచుకుని, ఎర్ర అంకెలు గిరగిర తిరుగుతున్న మీటరు ముందు నిలబడి మాట్లాడేవారు. అక్కడ చిరంజీవికీ శ్రేయోభిలాషికీ చోటేది? "అంతా బాగేనా? బాగే. డబ్బులందాయా? అందాయి. సరే, బిల్లవుతోంది." ఉత్తరాలు ఆగిపోయాయి. మేం దగ్గరయ్యామని సంబరపడ్డాం. ఆయన గొంతు వినబడటం మొదలైననాటినుంచి ఆయన మనసు వినబడటం మానేసిందని చాలా ఏళ్ళ తరవాతగాని నాకు తట్టలేదు.

భారవి కథ మీలో చాలామంది వినే ఉంటారు. కిరాతార్జునీయం రాసిన మహాకవి; 634 నాటి ఐహోళె శాసనం కాళిదాసుతో కలిపి స్మరించిన కవి. ఆయన గురించి చెప్పుకునేది చరిత్ర కాదు, చాటుకథ. ఊరంతా పొగుడుతున్నా తండ్రి మాత్రం కొడుకుని ఒక్కనాడూ మెచ్చుకోడు, పైగా నలుగురిలో తీసిపారేస్తాడు. కడుపు మండిన భారవి, తండ్రి నెత్తిన పడెయ్యడానికి బండరాయి పట్టుకుని అటకెక్కి కూర్చుంటాడు. కింద తల్లి భర్తని అడుగుతుంది, వాణ్ణి ఒక్కసారైనా మంచిమాట అనరేమని. తండ్రి అంటాడు: వాడి ప్రతిభ నాకు తెలియదా, ఎదుట పొగిడితే కొడుక్కి ఆయుక్షీణం కదా. భారవి రాయి వదిలేసి, దిగివచ్చి కాళ్ళమీద పడి ప్రాయశ్చిత్తం అడుగుతాడు. కొన్నాళ్ళు అత్తవారింట ఉండమంటాడు తండ్రి. అక్కడ ఆయన పడిన పాట్లు మరో కథ.

ఈ కథ మాకు మా మాస్టారు చెప్పారు, నేను మా అబ్బాయికి చెప్పాను. తండ్రి మౌనాన్ని శంకించకు అన్న నీతి కోసమే అందరూ చెబుతారు. పెద్దవాణ్ణయ్యాక నాకు ఇందులో వేరే సంగతి కనిపిస్తోంది. ఆ తండ్రికీ చావుకీ మధ్య ఆ రాత్రి అడ్డుపడ్డది ఆయన ప్రేమ కాదు. తల్లి అడిగిన ప్రశ్న. ఆవిడ ఆ రాత్రి నోరు మెదపకపోయినా, ఆ ప్రశ్న మర్నాడు అడుగుదాంలే అనుకున్నా, గొప్ప ప్రేమ గుండెలో పెట్టుకుని ఆ తండ్రి రాయి కింద పోయి ఉండేవాడు. కొడుకు పితృహంతకుడై ఉండేవాడు. కథలో అందరి పేరూ ఎత్తుతాం, ఆ తల్లికి మాత్రం ఒక్క మెచ్చుకోలు లేదు.

మా అమ్మ ఒకసారి అన్న మాట ఇక్కడ చెప్పాలి. నాన్నగారు పోయిన ఏడాదికి, ఏదో మాటల్లో, మీ నాన్నకి నీ వంట ఇష్టమేనా అని మనవడు అడిగాడు. అమ్మ కాసేపు ఆలోచించి అంది: "ఉప్పు తగ్గితే చెప్పేవారురా. సరిపోయినరోజున మాట్లాడేవారు కాదు. అరవయ్యేళ్ళూ ఆ మాట్లాడకపోవడాన్నే మెచ్చుకోలనుకుని సరిపెట్టుకున్నాను." ఫిర్యాదులా అనలేదు. పప్పులో రాళ్ళేరుతూ, వానొచ్చేలా ఉందన్నట్టు అంది.

మనవాళ్ళు చేతల్లో చూపిస్తారన్న నా సిద్ధాంతం ఆ రోజున కూలింది. ఎవరి చేతల్లో? తెల్లవారుజామున నాలుగింటికి లేచి నా రైలుకి పులిహోర కట్టింది అమ్మ. మా అబ్బాయి మొదటిసారి విమానం ఎక్కేముందు ఆవకాయకీ గోంగూరకీ మూడు పొరల ప్లాస్టిక్ చుట్టి, నూనె కారకుండా మైనం పెట్టింది మా ఆవిడ. నేను చేసిన పని, సూట్‌కేసు తూచి, 23 కిలోలు దాటిందని ఒక సీసా తీయించడం. ఆడవాళ్ళ చేతలు చూపించి మగవాళ్ళు తమ మౌనానికి సమర్థన రాసుకున్నాం. నేను రాసుకున్నాను. మిగతా మగవాళ్ళ సంగతి వాళ్ళు చెప్పాలి.

చిత్రమేమంటే పరాయివాళ్ళ దగ్గర మనకి ఈ మొహమాటం లేదు. బస్సెక్కిన అయిదు నిమిషాలకి కండక్టరు అన్న, పక్క సీటావిడ పిన్ని, పళ్ళమ్మే ముసలామె మామ్మ. తెలియని మనిషికి చుట్టరికం కలపకుండా తెలుగులో దారి అడగడమే కష్టం. ఎండాకాలం వస్తే వీధి మొగలో చలివేంద్రం వెలుస్తుంది. కోనసీమలో లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి పాయలు దాటివచ్చే బాటసారులకి వేళా పాళా చూడకుండా అన్నం పెట్టి పేరు తెచ్చుకున్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది. 2020 ఎండల్లో, లాక్‌డౌన్ నాడు, జాతీయ రహదారుల వెంట ఉత్తరాదికి నడిచిపోతున్న కూలీలకి అన్నం పొట్లాలూ మజ్జిగా చెప్పులూ ఇచ్చినవాళ్ళు వాళ్ళకేమవుతారు?

(ఈ దయకి గోడలు లేవనను. బీదపిల్లలు ఏడిళ్ళలో వారాలు చేసుకుని చదువుకున్న రోజుల గురించి మురిపెంగా చెప్పుకుంటాం. ఆ ఏడిళ్ళూ ఒకే కులంవి. చుట్టరికం కలిపి పిలిచిన నోటితోనే టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతి నడిపించాం. ఇళ్ళలో పనిచేసే అమ్మాయికి వేరే గ్లాసు ఇప్పటికీ ఎన్ని వంటిళ్ళలో బోర్లించి ఉందో మీకు తెలుసు.)

అయినా పరాయివాడి ముందు మంచిమాట తేలిగ్గా వస్తుంది. రేపు వాడు మళ్ళీ కనబడడు. ఇవాళ మెత్తబడ్డావు కదా, నిన్న ఏమయ్యావు అని అడగడు. ఇంట్లోవాళ్ళ దగ్గర ఒక్క మాట మెత్తగా అంటే, అనని ఏళ్ళన్నీ లెక్కకి వస్తాయి. నా సంకోచం ప్రేమ లేక కాదు, ఆ లెక్కకి భయపడి.

2021 మే నెలలో నాన్నగారు గోదావరి జిల్లాల్లోని ఒక ఆసుపత్రిలో ఉన్నారు. లోపలికి ఎవరినీ పంపడం లేదు. ఎదురుగా రోడ్డు పక్క చెట్టుకింద నేనూ, నాలాంటివాళ్ళు ఇరవైమందీ. రోజుకొకసారి నర్సమ్మాయి ఫోనులో చూపించేది. ఆ పిల్ల మొహం నేనెన్నడూ చూడలేదు. ముసుగులోంచి కళ్ళు మాత్రమే. "తాతా, మీ అబ్బాయొచ్చాడు, ఇటు చూడు తాతా" అని ఆయన తల సర్దేది. ఆ సాయంత్రం నాతో, "ఏదైనా మంచిమాట చెప్పండి సార్, వింటారు" అంది. మూతికి ఆక్సిజన్ మాస్కు ఉన్న మనిషిని నేను అడిగిన మాట: "నాన్నగారూ, భోంచేశారా?"

ఆయన చెయ్యి కొంచెం పైకెత్తారు. తిన్నాననో, ఇంటికి వెళ్ళమనో.

రెండు రోజుల తరవాత, అన్నీ అయిపోయాక, ఆయన కళ్ళజోడూ చేతిగడియారమూ గేటు దగ్గరికి పంపిస్తూ ఆ అమ్మాయి ఫోను చేసింది. "ఆ రోజు మీతో మాట్లాడాక తాత మాస్కు తీయించుకుని నన్నడిగారు సార్. వాడు తిన్నాడో లేదో కనుక్కోమ్మా అని. నేనే మీకు చెప్పడం మర్చిపోయాను, ఏమనుకోకండి."

అంటే ఆయనా నేనూ ఒకే భాష మాట్లాడుకున్నాం. అది నాకు ఓదార్పే, కాదనను. కాని ఆ ఓదార్పు నాకు మూడో మనిషి చేతిమీదుగా అందింది. ఆ పిల్ల ఆ రోజు ఫోను చెయ్యకపోతే అదీ లేదు. ఆయన తల నిమిరి పలకరించిన చివరి మనిషి ఆయనకి ఏమీ కాని ఆ పిల్లే. నేను ఎదురుగా రోడ్డు మీద ఉన్నాను. భారవి అటక మీద ఉన్నాడు. విన్నది ఇద్దరమూ చాటునుంచే.

మా ఆవిడ వేళాకోళం చేసిన మరుసటి ఆదివారం ఫోను వచ్చింది. చలి, మోకాలు, రక్తపోటు అయ్యాయి. వాడు "లవ్ యూ నాన్నా" అన్నాడు. ఆ మాటకి ఆ మాటే తిరిగి అనడం నా నోటికి లొంగలేదు, అది నా మాట కాదు. నా భాషలో ఏముందా అని వారం రోజులు వెతికి పెట్టుకున్నది అన్నాను: "ఒరేయ్, నువ్వు ఫోను చేసినరోజున నాకు పొద్దున్నించీ బాగుంటుందిరా."

అటుపక్క చాలాసేపు చప్పుడు లేదు. తరవాత వాడు గొంతు తగ్గించి, "నాన్నా, ఒంట్లో బాగానే ఉందా? అమ్మకి ఒకసారి ఫోనివ్వు" అన్నాడు.