నక్క జిత్తులు, పాము పగ, కుక్క విశ్వాసం

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. సెల్‌ఫోనులో నలుగురూ కలిసి ఆడే ఆట ఒకటి ఆడుతుంది. అందులో ఒక్కొక్కరు ఒక్కొక్క జంతువు. మా అమ్మాయి కుందేలు. కుందేళ్లు పిరికివనీ, తోడేళ్లు పొగరుబోతులనీ, నక్కలు మోసగాళ్లనీ పిల్లలు ఒకరినొకరు అనుకుంటారట. ఇప్పుడు బడిలో కూడా దాన్ని 'కుందేలు' అని ఏడిపిస్తున్నారు. ఇరవై రోజులుగా సరిగా తినడం లేదు. పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. జంతువుల గుణాలు పిల్లలకు పట్టుకుంటాయనీ, ఆట మానిపించమనీ మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
– ఒక సోదరి, భద్రాచలం

జవాబు: అమ్మా, జంతువు గుణం పిల్లకు పట్టుకోదు. కాని జంతువుకు మనం తగిలించిన పేరు మాత్రం పిల్లకు తగులుతుంది. మీ అమ్మాయి బాధ అదే.

ముందు కడుపునొప్పి సంగతి చూద్దాం. ఒకసారి డాక్టరుకు చూపించండి. నులిపురుగులు, మూత్రంలో చీము, మలబద్ధకం లేవని తేలాలి. జ్వరం, వాంతులు, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో నొప్పితో లేవడం ఉంటే ఆలస్యం చేయవద్దు. ఇవేవీ లేకుండా, బడి ఉన్న రోజుల్లోనే నొప్పి వచ్చి ఆదివారం రాకపోతే, అది మనసులోని దిగులు వల్ల వచ్చిన నొప్పి కావచ్చు. అంతమాత్రాన పిల్ల నటిస్తున్నదని అనుకోకండి. దిగులు వల్ల వచ్చినా నొప్పి నొప్పే.

ఇక జంతువుల గుణాలు. ఇవి సెల్‌ఫోనుతో పుట్టినవి కావు. చిన్నయసూరి 1853లో ప్రచురించిన 'నీతిచంద్రిక' చదివిన ఇళ్లలో నక్క జిత్తులమారి అని పిల్లలకు వేరే చెప్పనక్కర లేదు. 2010లో అమెరికాలో వచ్చిన 'యానిమల్ జామ్' వంటి ఆటలు ఆడే పిల్లలు కూడా ఫలానా జంతువును ఎంచుకున్నవాళ్లు ఫలానా రకం మనుషులని ముద్రలు వేశారు. కథలో ఈ ముద్రవల్ల నష్టం లేదు. కథ దాటి వాకిట్లోకి, అడవిలోకి వచ్చినప్పుడే ప్రాణం మీదికి వస్తుంది. మీరున్నది అడవి అంచున కనుక ఈ మాట కాస్త వివరంగా చెప్పాలి.

పాము పగబడుతుందంటారు. పాము మనిషిని గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ రాదు. ఇంట్లో ఎలుకలు, పెరట్లో కట్టెల కుప్ప, గోడలో బొరియలు ఉంటే ఒక పాము పోయినా మరొకటి వస్తుంది. దాన్నే మనం పగ అనుకుంటాం. ఈ నమ్మకం వల్ల కీడు ఎక్కడంటే, కాటు పడగానే కొందరు పామును వెతికి చంపడానికి, మరికొందరు మంత్రగాడి దగ్గరకు పరుగెడతారు. ఈ లోపల అమూల్యమైన గంట గడిచిపోతుంది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని అంచనా. ఎక్కువమంది పల్లెల్లోని వారే.

పామును చంపి ఆస్పత్రికి తేనక్కర లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికీ ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే. చేయవలసింది ఇది: రోగిని నడిపించకండి. కాటుపడిన కాలినో చేతినో బద్దకట్టి, విరిగిన ఎముకను ఉంచినట్టు కదలకుండా ఉంచండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. తాడుతో బిగించి కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, పసరు పోయకండి. కాటుపడిన వేళ గుర్తుంచుకుని 108కి ఫోను చేయండి. లేదా దొరికిన బండిలో విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి చేర్చండి.

కట్లపాము గురించి ఒక్క మాట. దీని కాటు చాలాసార్లు నొప్పి పుట్టదు, వాపు రాదు. నేలమీద పడుకున్నవారిని రాత్రి నిద్రలో కరుస్తుంది. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం కనిపిస్తాయి. ఇలా ఉంటే కాటు గుర్తు కనిపించకపోయినా ఆస్పత్రికి తీసుకుపోవాలి. మంచం మీద దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవడం, రాత్రి వాకిట్లోకి టార్చిలైటుతో వెళ్లడం ఖర్చు తక్కువ, రక్షణ ఎక్కువ.

కుక్క విశ్వాసం గలది. ఇది మంచి ముద్ర. అయినా చంపగలదు. "మన కుక్కే కదా, ఆడుతూ గీరింది" అని ఊరుకునే తల్లులున్నారు. పిచ్చికుక్క వ్యాధికి విశ్వాసంతో పనిలేదు. పెంపుడు కుక్కయినా, చిన్న కూన అయినా కరిస్తే, గోళ్లతో గీరితే, పుండును నాకితే వెంటనే ఆ చోటును ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ వేసే ప్రత్యేకమైన మందు కూడా కావాలి. బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజక్షన్లని పెద్దలు భయపెడతారు. అవి ఇప్పుడు లేవు. భుజానికి వేసే కొద్ది మోతాదులే. కాని చెప్పిన తేదీల్లో అన్నీ పూర్తి చేయాలి. వ్యాధి లక్షణాలు కనిపించాక బతికించడం దాదాపు అసాధ్యం.

కోతిని ఆంజనేయస్వామి అంశగా చూసి, గుడి దగ్గర పిల్లల చేత అరటిపండు ఇప్పిస్తాం. భక్తి మంచిదే. కాని కోతి కరిచినా, గీరినా కుక్కకాటుకు చేసినట్టే చేయాలి.

ఎలుగుబంటి సంగతి మరొక విధం. కథల్లో అది తేనె తాగే మొద్దు. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవుల్లో వేసవి మొదట్లో ఇప్పపువ్వు ఏరడానికి వేకువనే వెళ్లేవారికి దాని అసలు సంగతి తెలియాలి. తెలంగాణ పల్లెల్లో దానిని 'గుడ్డెలుగు' అంటారు. దాని చూపు, వినికిడి మందం, వాసన పట్టడంలో దిట్ట. ఇప్పపువ్వు, తునికిపండ్లు, చెదపురుగులు దానికి ప్రీతి. అంటే మనమూ అదీ ఒకే చెట్టు కిందికి ఒకే వేళకు పోతున్నామన్నమాట. అది మనల్ని దూరం నుంచి గమనించదు. దగ్గరకు పోయాక ఉలిక్కిపడి మీద పడుతుంది. తల, ముఖం మీద తీవ్రమైన గాయాలవుతాయి. అందుచేత ఒంటరిగా పోకుండా నలుగురూ కలిసి, మాట్లాడుకుంటూ, కర్రతో చప్పుడు చేస్తూ పోవాలి. గాయమైతే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి రక్తం ఆపి, ఆస్పత్రికి తరలించాలి. గాయం పైకి చిన్నదిగా కనిపించినా ధనుర్వాతం ఇంజక్షను, పిచ్చికుక్క వ్యాధి టీకా సంగతి డాక్టరును అడగాలి.

చూశారా, పాము చెడ్డదీ కాదు, కుక్క సాధువూ కాదు, ఎలుగు మొద్దూ కాదు. ప్రతిదీ తన ప్రాణం కాపాడుకునే తీరు అది. కుందేలు కూడా అంతే. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉండి దాదాపు చుట్టూ చూస్తాయి. ప్రమాదాన్ని ముందే కనిపెట్టి పరుగెత్తుతుంది. అది పిరికితనం కాదు, జాగ్రత్త. ఈ మాట మీ అమ్మాయికి చెప్పండి.

ఆటను ఒక్కసారిగా లాగేసుకోకండి. తప్పు తనదే అని పిల్ల అనుకుంటుంది. రోజూ ఎంతసేపు ఆడాలో ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి. పడుకునేందుకు గంట ముందే ఫోను పక్కన పెట్టించండి. ఆటలో కలిసే అపరిచితులకు అసలు పేరు, బడి పేరు, ఫోను నంబరు చెప్పకూడదని నేర్పండి. వారానికి ఒకటి రెండుసార్లు మీరూ పక్కన కూర్చుని చూడండి. ఎవరు ఏమంటున్నారో మీకే తెలుస్తుంది.

బడికి వెళ్లి పంతులమ్మతో నెమ్మదిగా మాట్లాడండి. ఏడిపించేవారిని అందరిముందు కొట్టించవద్దు. ఇంట్లో కూడా "మొద్దు", "పిరికిగొడ్డు", "నక్క" అన్న పేర్లు వేళాకోళానికైనా వాడవద్దు. మనం రోజూ అనే మాటనే పిల్లలు తమ స్వభావం అనుకుంటారు. రెండు మూడు వారాల్లో తిండి, నిద్ర కుదుటపడకపోయినా, బడికి పోనని మొండికేసినా పిల్లల డాక్టరునో, మానసిక వైద్యుణ్ణో సంప్రదించండి. అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. కథలు మాత్రం మానవద్దనండి. రాత్రిపూట ఆమె చెప్పే కథ, ఫోనులోని ఆటకన్నా మంచి నిద్ర తెస్తుంది.